లీ జిచెంగ్ తిరుగుబాటు (1630–1645): శిస్తు లేదన్న రాజు ఖజానా లెక్క ఎక్కడ తప్పింది?

#1 వేపచెట్టు
చైనాను ఏలిన మింగ్ వంశాన్ని ఈశాన్యం నుంచి వచ్చిన మంచూలు కూల్చేశారని చాలామంది ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నిజానికి 1644 ఏప్రిల్ 25న బీజింగ్‌ను పట్టుకున్నవాడు లీ జిచెంగ్, షాఆన్‌షీ పల్లెవాడు. జూన్ 4 కల్లా ఊరు ఖాళీ చేసి వెళ్లిపోయాడు. గట్టిగా నలభై రోజులు. ఇక్కడ పన్నుల లెక్కలు, కోటల ముట్టడి తెలిసినవాళ్లు ఉన్నారు కాబట్టి మూడు ప్రశ్నలు అడుగుతున్నా. అసలు రైతుల మీద భారం ఎంత? ఫిరంగులు మోహరించిన కోటలను వీళ్లు ఎలా కూల్చారు? గెలిచాక అంత తొందరగా ఎందుకు జారిపోయింది? "విలాసాల్లో మునిగి చెడిపోయారు" అనే జవాబు ఇప్పటికే విన్నాను, అది కాకుండా చెప్పండి.

#2 నిర్వాహకుడు
ఒక్క మాట. రెండు రాష్ట్రాల పేర్లు మన లిపిలో కలిసిపోతున్నాయి. పడమటిది, లీ జిచెంగ్ పుట్టినది, షియాన్ నగరం ఉన్నది షాఆన్‌షీ. దానికి తూర్పున, పసుపు నది అవతల ఉన్నది షాన్‌షీ. ఈ చర్చలో అందరూ ఇలాగే రాయండి. పోయినసారి సగం గొడవ దీనివల్లే.

#3 పాతలెక్కలు
మొదటి ప్రశ్నకు ముందు కొలతలు చూద్దాం, లేకపోతే అంకెలు గాలిలో ఉంటాయి. మింగ్ కాలపు "మూ" రమారమి 6 గుంటలు, కోస్తా లెక్కలో 15 సెంట్లు. ఎకరానికి ఆరున్నర మూలు వేసుకోండి. వెండి కొలత "లియాంగ్" మూడు తులాలకు కాస్త ఎక్కువ. లియాంగ్‌లో వెయ్యో వంతు "లీ".

మామూలు శిస్తు కాక, పైన పడినవి మూడు. మంచూలతో యుద్ధానికని 1618లో లియావ్ పన్ను మొదలైంది. మూకు మూడున్నర లీలు. మరుసటి ఏడు ఇంకో మూడున్నర, 1620లో మరో రెండు, మొత్తం 9 లీలు. ఏడాదికి దాదాపు 52 లక్షల లియాంగ్‌లు. 1631లో ఇంకో 3 లీలు కలిపి 12 చేశారు, రాబడి 66 లక్షలు దాటింది. తిరుగుబాటుదార్లను అణచడానికని 1637లో ఇంకో పన్ను, 28 లక్షలు. కొత్త సైన్యానికి తర్ఫీదు ఇస్తామని 1639లో మూడోది, 73 లక్షలు. మూడూ కలిపితే ఏడాదికి కోటీ అరవై లక్షల పైచిలుకు.

రెండో పన్నును చూడండి. తిరగబడ్డవాళ్లను అణచే ఖర్చు తిరగబడనివాళ్ల నెత్తిన పడింది. దాంతో వాళ్లూ తిరగబడ్డారు.

#4 ఏటిగట్టు
ఆగండాగండి. మీ లెక్కే తీసుకుందాం. మూకు 12 లీలంటే ఎకరానికి పావు తులం వెండి. దీనికే రాజ్యం కూలిందంటే నమ్మడం కష్టం. ఇంతకు మించిన శిస్తు కట్టి బతికిన రాజ్యాలు బోలెడు ఉన్నాయి.

#5 పాతలెక్కలు
ఏటిగట్టు గారూ, సగటు చూస్తే మీ మాట సరైనదే. యాంగ్జీ దిగువన మాగాణి రైతుకు అది పెద్ద మొత్తం కాదు. అయితే పన్నును మూ లెక్కన వేశారు, పండిన పంట లెక్కన కాదు. షాఆన్‌షీ ఉత్తరాన నేలంతా వానాధారం, కొండవాలు మెట్ట. అక్కడ ఒక మూకు వచ్చే గింజలు దక్షిణాన వచ్చేవాటిలో ఏమూలకీ రావు. రేటు మాత్రం ఒకటే.

రెండో సంగతి, కట్టాల్సింది వెండి రూపంలో. ఆ కొండల్లో వెండి దొరకదు, వర్తకమూ తక్కువే. వసూలైన వెండి తూర్పు సరిహద్దుకు వెళ్లిపోతుంది, వెనక్కి రాదు. కోతల వేళ ఊరంతా ఒకేసారి గింజలు అమ్మకానికి పెడితే ధర పడిపోతుంది. వసంతంలో తిండికి అవే గింజలు రెట్టింపు పెట్టి కొనాలి.

మూడోదే ప్రాణం తీసింది. పారిపోయినవాడి బాకీ మిగిలినవాడు కట్టాలి. షాఆన్‌షీలోని ఆన్‌సాయ్‌కి చెందిన అధికారి మా మావోత్సాయ్ 1629లో చక్రవర్తికి పంపిన నివేదికలో ఇది సూటిగా ఉంది. ఇంటికి ఒకరిద్దరే మిగిలితే ఇల్లు మొత్తం పన్ను వాళ్ల మీద, ఊళ్లో ఒకటి రెండు ఇళ్లే మిగిలితే ఊరి పన్నంతా వాళ్ల మీద. ఒకడు పారిపోతే పక్కవాడి భారం పెరుగుతుంది, అప్పుడు వాడూ పారిపోతాడు. అలా ఊరికి ఊరే ఖాళీ.

అదే నివేదికలో కరువు తిండి వరస కూడా ఉంది. చాంద్రమాన ఎనిమిది, తొమ్మిదో నెలల్లో కొండల మీద పిచ్చిమొక్కల గింజలు, రుచికి చేదు ఊక. అవి అయిపోయాక చెట్ల బెరడు, అందులో ఎల్మ్ చెట్టుది కాస్త నయం. ఏడాది చివరికి బెరడూ అయిపోతే కొండల్లో తవ్వి తీసిన రాతి మట్టి. కొంచెం తింటే కడుపు నిండినట్టుంటుంది, కొన్నాళ్లకు పొట్ట ఉబ్బి మనిషి పోతాడు. మట్టి తిని చావడం ఇష్టంలేనివాళ్లు దోపిడీలకు దిగారని ఆయనే రాశాడు.

పన్ను కట్టని నేల సంగతీ మరవద్దు. వాన్లీ చక్రవర్తి ముద్దుల కొడుకు ఫూ రాకుమారుడికి ముందు 40,000 చింగ్‌లు ఇవ్వాలనుకుని, అధికారుల గోలకు 20,000కి తగ్గించారు. చింగ్ అంటే వంద మూలు. అంటే తగ్గించాక కూడా 3 లక్షల ఎకరాల ఆదాయం ఒక్క మనిషికి. ఇలాంటి రాకుమారులు ఊరికొకరు.

#6 అంచెగుర్రం
లీ జిచెంగ్‌కి సొంతంగా తగిలిన దెబ్బ కరువు కాదు, కొలువు పోవడం. 1606లో మీజి తాలూకాలో పుట్టాడు. ఇన్‌చువాన్ అంచె చౌకీలో గుర్రాలు చూసే నౌకరీ. రాజ్యమంతా ఈ చౌకీలు ఉండేవి. ప్రభుత్వ లేఖలు మోయడం, దారిన వెళ్లే అధికారులకు గుర్రం, పడక, తిండి ఏర్పాటు చేయడం వాటి పని.

దుర్వినియోగం మాత్రం నిజమే. ప్రయాణ అనుమతి చీటీ ఉన్న అధికారి దాన్ని చుట్టాలకు ఇచ్చేవాడు, వాళ్లు అమ్ముకునేవాళ్లు. ఖర్చంతా చౌకీ పక్కన ఉన్న ఊళ్ల మీద పడేది. 1629లో ల్యూ మావో అనే అధికారి కోత పెట్టమన్నాడు, చోంగ్‌జెన్ చక్రవర్తి సరేనన్నాడు. ఏడాదికి 6.8 లక్షల లియాంగ్‌లు మిగిలాయి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. చీటీలు అమ్ముకునే పెద్దలకు ఏం కాలేదు. రోడ్డున పడ్డది నౌకర్లు. గుర్రపు స్వారీ వచ్చు, దారులన్నీ తెలుసు, తినడానికి ఏమీ లేదు. ఇలాంటి మనుషులను కరువు ప్రాంతంలో, అదీ ఒకే ఏడాది వదిలేశారు.

మూడో వర్గం సైనికులు. సరిహద్దు దండులకు జీతాలు నెలల తరబడి బాకీ. 1629లో మంచూలు బీజింగ్ దాకా వస్తే, కాపాడటానికి వెళ్తున్న పడమటి దళాలు దారిలోనే తిరగబడి ఇళ్లకు మళ్లాయి. ఈ గుంపులకు యుద్ధం నేర్పింది వాళ్లే. ఉత్త రైతులే అయితే మొదటి ఏడాదిలోనే అణగిపోయేది.

#7 సిరాబుడ్డి
"చువాంగ్ వాంగ్" అనే బిరుదు మొదట లీ జిచెంగ్‌ది కాదు, గావ్ యింగ్‌షియాంగ్‌ది. చువాంగ్ అనే అక్షరంలో ద్వారం గుర్తు లోపల గుర్రం గుర్తు ఉంటుంది. తలుపు బద్దలుకొట్టుకుని దూసుకొచ్చేవాడని అర్థం. 1636లో గావ్‌ను సున్ చువాన్‌టింగ్ పట్టి బీజింగ్ పంపాడు, అక్కడ చంపేశారు. బిరుదు లీకి వచ్చింది. మాజీ గుర్రాల నౌకరుకు సరిపోయిన పేరే.

#8 వేపచెట్టు
అర్థమైంది. మరి 1630 నుంచి 1640 దాకా పదేళ్లు సర్కారు సైన్యం ఏం చేసినట్టు? ఇన్నిసార్లు ఓడినవాళ్లు ఎలా మిగిలారు?

#9 అంచెగుర్రం
ఒకచోట నిలవకపోవడమే వాళ్ల ఆయుధం. సర్కారు దళం జీతం, తిండి వచ్చే రాష్ట్రం దాటి పోదు. పొలిమేర దాటితే మరో అధికారి బాధ్యత. వీళ్లు సరిగ్గా పొలిమేరల మీదే తిరిగేవాళ్లు. ఒక్కొక్కడికీ రెండు మూడు గుర్రాలు, ఒకటి అలిసిపోతే ఇంకోటి.

రెండో ఉపాయం దొంగ లొంగుబాటు. 1633 చలికాలంలో పసుపు నదికి ఉత్తరాన చిక్కుకుపోయారు. లొంగుతామని బేరాలాడుతూ రోజులు నెట్టారు. నది గడ్డకట్టగానే మియాన్‌చి దగ్గర మంచు మీద నడిచి హెనాన్‌లో దిగారు. 1634లో ఇంకా ఘోరం. చెషియాంగ్ లోయలో చిక్కారు. వారాల తరబడి వాన, విల్లుల జిగురు ఊడింది, బాణాల ఈకలు రాలాయి, మేత లేక గుర్రాలు చచ్చాయి. అధికారులకు లంచాలిచ్చి లొంగారు. ప్రతి వంద మందికీ ఒక అధికారిని తోడిచ్చి సొంతూళ్లకు పంపాలని ఏర్పాటు. లోయ దాటగానే ఆ అధికారులను కట్టేసి, చంపి, మళ్లీ మొదలెట్టారు.

మరి లొంగినవాళ్లకు భూమి, విత్తనాలు ఇస్తే సరిపోయేది కదా అంటారు. ఇవ్వడానికి డబ్బేది? సొంతూరికి వెళ్లినవాడికి ఎదురయ్యేది #5లో చెప్పిన బాకీనే.

1637లో మంత్రి యాంగ్ సీచాంగ్ "నాలుగు దిక్కులు, ఆరు మూలలు" అని వల పన్నాడు. 1,20,000 మంది కొత్త సైన్యం, అందుకే ఆ 28 లక్షల పన్ను. నిజానికి వల పనిచేసింది. 1638లో మరో తిరుగుబాటు నాయకుడు జాంగ్ షియాన్‌జోంగ్ లొంగాడు. లీ జిచెంగ్ కొద్దిమందితో షాంగ్‌లువో కొండల్లో దాక్కున్నాడు, పద్దెనిమిది మందే మిగిలారని పాత చరిత్రలు రాశాయి. సరిగ్గా అప్పుడే మంచూలు చైనా మహా గోడ దాటి వచ్చారు. ఇద్దరు మంచి సేనానులు హోంగ్ చెంగ్‌చౌ, సున్ చువాన్‌టింగ్‌లను తూర్పుకు లాగేశారు. 1639లో జాంగ్ మళ్లీ తిరగబడ్డాడు. 1640లో లీ హెనాన్‌లో దిగేసరికి అక్కడ కరువు, పైన మిడతలు. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టయింది ఆ రాష్ట్రానికి.

#10 కోటబురుజు
రెండో ప్రశ్న నాది. మింగ్ కోటగోడలు లోపల దిమ్మిస కొట్టిన మట్టి, పైన ఇటుక తొడుగు. ఫిరంగి గుండు ఆ మట్టిలో దిగబడి ఆగిపోతుంది తప్ప గోడ కూలదు. నిచ్చెనలేస్తే పైనుంచి కాలుస్తారు. లీ దళం ఈ రెండింటినీ వదిలేసింది. మింగ్ అధికారిక చరిత్రలో వాళ్ల పద్ధతి వివరంగా ఉంది.

మొదట ఇటుకలు. ప్రతి సైనికుడూ కవచంతో గోడ దగ్గరకు ఉరికి ఒక్క ఇటుక పెకలించి తేవాలి. తెచ్చినవాడు డేరాలోకి పోయి పడుకోవచ్చు, ఆ పూటకు వాడి వంతు అయిపోయింది. వెనక తగ్గినవాడికి తల ఎగిరిపోతుంది. గోడ కింద ఎవడూ ఎక్కువసేపు నిలబడడు కాబట్టి పైనుంచి గురి కుదరదు. పని మాత్రం ఆగదు.

తొడుగు ఊడాక మట్టిలో బొరియ. మొదట ఒక్క మనిషి పట్టేంత. తర్వాత పదిమంది, వందమంది. తవ్విన మట్టిని చేతులు మార్చుకుంటూ బయటికి చేరవేస్తారు. అసలు కిటుకు ఇక్కడుంది. మూడు నుంచి ఐదు అడుగులు వేసినప్పుడల్లా ఒక మట్టి స్తంభాన్ని తవ్వకుండా వదిలేస్తారు. అవి లేకపోతే గోడ తవ్వేవాళ్ల మీదే కూలుతుంది. ప్రతి స్తంభానికీ లావుపాటి మోకు కడతారు. తవ్వకం అంతా అయ్యాక అందరూ బయటికి వచ్చి, వేలమంది ఒక్క కేకతో మోకులు లాగుతారు. స్తంభాలు విరిగి గోడ కింద పడుతుంది.

దీనితోపాటు బెదిరింపు ఉండేది. తలుపు తీస్తే ఎవరినీ చంపం. ఒకరోజు ఎదిరిస్తే పదిమందిలో ముగ్గురు, రెండు రోజులైతే ఏడుగురు, మూడో రోజుకు ఊరంతా. ఇది రాసింది శత్రువుల చరిత్రకారులే కాబట్టి కొంత తగ్గించి చదవండి. కానీ చాలా ఊళ్లు యుద్ధం లేకుండానే తలుపులు తీశాయన్నది నిజం.

#11 ఏటిగట్టు
మరి ఇంత తిరుగులేని పద్ధతి కైఫెంగ్‌లో మూడుసార్లు ఎందుకు తిరగబడింది? అక్కడే కదా లీకి కన్ను పోయింది.

#12 కోటబురుజు
తిరుగులేనిదని నేననలేదండీ. కైఫెంగ్ పాత సోంగ్ రాజధాని, గోడ మందం మామూలు ఊళ్ల కన్నా చాలా ఎక్కువ. 1641లో మొదటిసారి ఏడు రోజులు ప్రయత్నించి, ఎడమ కంటికి బాణం తగిలి వెనుదిరిగాడు. 1642 జనవరిలో రెండోసారి వచ్చినప్పుడు బొరియలో జాడీల నిండా తుపాకి మందు కూరి పేల్చారు. గోడ పగలగానే లోపలికి ఉరకాలని రౌతులు గుర్రాలెక్కి దగ్గరగా వరస కట్టి ఉన్నారు. పేలుడుకు లోపలి వైపు మందపు మట్టి అడ్డం, బయటి వైపు తవ్వేసిన పలచటి పొర. మందు ఎటు దారి సులువైతే అటు తన్నుతుంది. ఇటుకలు, మట్టి అన్నీ బయటికి, సొంత రౌతుల మీదికి ఎగిసిపడ్డాయి. లోపలి పొర నిలిచే ఉంది. ఇది చూసి లీ బెదిరి వెళ్లిపోయాడు.

1642లో మూడోసారి గోడ జోలికి పోలేదు, చుట్టూ కూర్చుని ఆకలికి వదిలేశాడు. నెలలు గడిచాయి, ఊళ్లో మనుషుల్ని తినే దశ వచ్చింది. అక్టోబరులో పసుపు నది గట్టు రెండుచోట్ల తెగింది, జుజియాజాయ్, మాజియాకౌ దగ్గర. శత్రువును ముంచాలని కోటలోని అధికారులు ఒకచోట, బదులుగా తిరుగుబాటుదార్లు మరోచోట తెంచారని చెప్పుకుంటారు. ఎవరి పాపం ఎంత అన్న వాదన ఇప్పటికీ తెగలేదు. భారీ వానల్లో ఉబ్బి ఉన్న నది కావడంతో నీళ్లు ఎవరి మాటా వినలేదు. 3,70,000 మంది ఉన్న ఊళ్లో మిగిలింది 30,000 పైచిలుకు అని ఆనాటి లెక్క. లీకి దక్కింది బురద.

#13 పాతలెక్కలు
లువోయాంగ్ చెప్పకుండా కైఫెంగ్‌కి వెళ్లిపోయారు. మలుపు 1641 ఆరంభంలో అక్కడ తిరిగింది. #5లో చెప్పిన ఫూ రాకుమారుడు ఉండేది ఆ ఊళ్లోనే. "కోటలో లక్షల వెండి, మాకు మాత్రం ఖాళీ కడుపు" అని కాపలా సైనికులు బాహాటంగా తిట్టుకునేవాళ్లు. చివరికి వాళ్లే లోపల్నుంచి దారి ఇచ్చారు. రాకుమారుణ్ని చంపారు. జింక మాంసంతో కలిపి వండి తిన్నారన్న కథ ఉంది కానీ అందులో "ఫూ" అన్న పేరు మీద మాటల చమత్కారం ఎక్కువ, నమ్మకం తక్కువ. కొట్లు తెరిచి గింజలు పంచారు. హెనాన్ కరువులో ఆ వార్త ఎంత దూరం పాకుతుందో ఊహించుకోండి. దళం వేల నుంచి లక్షలకు పెరిగింది అప్పుడే.

నినాదం కూడా అప్పటిదే: చువాంగ్ రాజుకు తలుపు తీయండి, ఆయనొస్తే శిస్తు ఉండదు. మూడేళ్లు పన్ను లేదన్న హామీ. దీన్ని గుర్తుపెట్టుకోండి, మూడో ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది.

#14 సిరాబుడ్డి
ఆ పాటలు కట్టించింది లీ యాన్ అనే పండితుడని చెప్తారు. చాలా పుస్తకాల్లో నాయకుడి పక్కన ఆయనే అంతరాత్మ. ఆధునిక పరిశోధకుల్లో గు చెంగ్ లాంటివాళ్లు అసలు ఆ మనిషే లేడని వాదించారు. ఆయన్ని వదిలేసినా ఈ కథకు నష్టం లేదు. నిక్కచ్చిగా ఉన్నది సోంగ్ షియాన్‌త్సే, జోస్యాలు చెప్పే పొట్టి మనిషి. "పద్దెనిమిది కొడుకు సింహాసనమెక్కుతాడు" అని చీటీ తెచ్చిచ్చాడు. పది, ఎనిమిది, కొడుకు అనే మూడు అక్షరాలు ఒకదాని కింద ఒకటి రాస్తే లీ అనే ఇంటిపేరు అవుతుంది. చదువురానివాడికి కూడా నేల మీద పుల్లతో గీసి చూపించొచ్చు. ప్రచారమంటే అదీ.

#15 కోటబురుజు
బీజింగ్‌కి వెళ్లేముందు రూజౌ యుద్ధం, 1643 శరదృతువు. మింగ్‌కు మిగిలిన చివరి మంచి సైన్యం సున్ చువాన్‌టింగ్‌ది. తోంగ్‌గ్వాన్ కనుమలో కూర్చుంటే సరిపోయేది. రాజధాని నుంచి తరుముతూ ఉత్తరువులు రావడంతో బయటికొచ్చాడు. ఆయన దగ్గర ఫిరంగి బండ్ల దళం ఉంది. నడకలో సామాను మోస్తాయి, ఆగితే అడ్డుగోడ అవుతాయి. ఎండిన నేల మీద బాగా పనికొస్తాయి. ఏడు రోజులు వాన కురిసింది. చక్రాలు దిగబడ్డాయి, వెనక నుంచి గింజలు రాలేదు, ఆకలికి వెనక దళంలో అల్లరి లేచింది. గింజలు తేవడానికి ఆయన సగం సైన్యంతో వెనక్కి తిరిగాడు. ఉండిపొమ్మన్నవాళ్లు, మమ్మల్ని వదిలేశారని వాళ్లూ కదిలారు.

వెంటపడిన లీ వ్యూహం ఐదు వరసలు. బయట ఆకలిగొన్న జనం, తర్వాత కాల్బలం, తర్వాత రౌతులు, ఆ వెనక ఏరిన రౌతులు, నట్టనడుమ కుటుంబాలు. సున్ సైన్యం మూడు వరసలు చీల్చి నాలుగోదాని దగ్గర ఆగిపోయింది. బండ్ల దళం వాళ్లు "ఓడిపోయాం" అని అరిచి, పగ్గాలు కోసి గుర్రాలెక్కి పారిపోయారు. ఒరిగిన బండ్లు దారికి అడ్డం. వెనకున్న సొంతవాళ్లు వాటిలో ఇరుక్కున్నారు, శత్రువు గుర్రాలు పైనుంచి తొక్కుకుంటూ వచ్చాయి. ఒక్క పగలూ రాత్రిలో 400 లీల దూరం పరుగు, 40,000 మందికి పైగా చావు. కొన్ని వారాల్లో తోంగ్‌గ్వాన్ పోయింది, సున్ చనిపోయాడు, షియాన్ లొంగింది.

(ఈ "లీ" దూరపు కొలత, అర కిలోమీటరు పైచిలుకు. వెండి లీ వేరు, మనిషి లీ వేరు. చైనా చరిత్ర చదివేవాళ్లకు తప్పని బాధ.)

#16 వేపచెట్టు
అంటే 1644 ఫిబ్రవరి 8న షియాన్‌లో షున్ రాజ్యం ప్రకటించేనాటికి దారి ఖాళీ అన్నమాట. ఇక అసలు ప్రశ్నకు రండి.

#17 పాతలెక్కలు
దాదాపు ఖాళీ. షాన్‌షీలో నింగ్‌వు దగ్గర జౌ యూజి గట్టిగా నిలబడ్డాడు. దాతోంగ్, షువాన్‌ఫూ, జుయోంగ్ కనుమ అన్నీ తలుపులు తీసేశాయి. బీజింగ్‌లో అంతకుముందు ఏడే మహమ్మారి తిరిగింది, గోడ మీద నిలబడటానికి మనుషుల్లేరు, ఉన్నవాళ్లకు జీతాల్లేవు. చక్రవర్తి అధికారులను చందాలు అడిగాడు. అంతా కలిపి వచ్చింది 2 లక్షల లియాంగ్‌ల చిల్లర. పిల్లనిచ్చిన మామ జౌ కుయి పదివేల దగ్గర బేరమాడాడు. చోంగ్‌జెన్ రాజభవనం వెనక కొండ మీద ఉరేసుకున్నాడు.

ఇప్పుడు షున్ ఖజానా చూడండి. పొలం శిస్తు లేదని మాటిచ్చాం. లక్షమందికి తిండి, గుర్రాలకు మేత, కొత్త రాజ్యానికి జీతాలు కావాలి. మిగిలిన దారి ఒక్కటే, ఉన్నవాడి దగ్గర గుంజడం. వాళ్లు దీనికి పెట్టిన పేరే "దోచినది కక్కించి దండుకు సాయం". ఇది బీజింగ్‌లో పుట్టిన దుర్బుద్ధి కాదు, దారి పొడవునా ఇదే వాళ్ల ఆదాయ విధానం. బీజింగ్‌లో పెద్ద ఎత్తున, పద్ధతిగా జరిగింది. నాలుగో శ్రేణి, అంతకు కింది అధికారులకు కొలువులిచ్చారు. పై మూడు శ్రేణులవాళ్లను సేనాని ల్యూ జోంగ్‌మిన్‌కి అప్పగించారు. ముఖ్యమంత్రుల స్థాయికి లక్ష, శాఖాధిపతులకు 70,000, తనిఖీ అధికారులకు 50,000, 30,000, పండిత పీఠానికి 10,000. ఇవ్వనివాడికి కాలి పట్టు. పదునైన అంచులున్న కర్రలను మేకులతో కూర్చి, నడుమ కాళ్లు పెట్టి బిగిస్తారు. ఎముక నుగ్గవుతుంది. అలాంటివి ఐదువేలు చేయించారని రాశారు. ప్రధానమంత్రి వెయ్ జావ్‌దె ఆ హింసలోనే పోయాడు.

మొత్తం 7 కోట్ల లియాంగ్‌లు రాబట్టారని కొన్ని చోట్ల కనిపిస్తుంది. #3లోని మూడు పన్నులూ కలిపినా నాలుగేళ్లకు అంత రాదు. నాకు నమ్మకం లేదు. కరిగించి దిమ్మలు పోసి కంచర గాడిదల మీద షియాన్‌కి పంపింది మాత్రం నిజం. బీజింగ్‌లో ఉండే ఉద్దేశం ఎంత ఉందో దానివల్లే తెలుస్తుంది.

#18 ఏటిగట్టు
విభేదిస్తున్నా. మొదటి రోజుల్లో పట్టు గుడ్డలు దోచిన సైనికులను బహిరంగంగా చంపారు, అంటే క్రమశిక్షణ ఉంది. తర్వాత సైన్యాన్ని డేరాల్లోంచి ఇళ్లలోకి దింపారు, క్రమశిక్షణ పోయింది. ఖజానా ఎంత ఖాళీగా ఉన్నా, ఎవరిని కొట్టాలి, ఎవరిని వదలాలి అన్న తెలివి ఉండాలిగా. సరిహద్దు సేనాని తండ్రినే పట్టుకుని కొట్టడం లెక్కల తప్పు కాదు, పొగరు. 1949 మార్చి 23న బీజింగ్‌కి బయల్దేరుతూ మావో "మనం లీ జిచెంగ్ కాకూడదు" అన్నది కూడా ఆ అర్థంలోనే.

#19 సిరాబుడ్డి
ఆ సేనాని వూ సాన్‌గుయ్. ఆయన ప్రియురాలు చెన్ యువాన్‌యువాన్‌ను ల్యూ జోంగ్‌మిన్ ఎత్తుకెళ్లాడని, ఆ కోపంతో మంచూలకు షాన్‌హైగ్వాన్ కనుమ తెరిచాడని వూ వెయ్‌యె కవిత ఒకటి దేశమంతా పాకించింది. కవిత బాగుంటుంది, కారణంగా మాత్రం చాలదు. వూ మొదట లీకి లొంగడానికే బయల్దేరాడు, కనుమను తాంగ్ తోంగ్‌కి అప్పగించాడు కూడా. దారిలో బీజింగ్ నుంచి పారిపోయి వచ్చినవాళ్ల ద్వారా తండ్రి సంగతి, పెద్ద కుటుంబాల సంగతి విని వెనుదిరిగాడు. ఆయన కుటుంబం కూడా ఆ జాబితాలోదే కదా.

#20 కోటబురుజు
షాన్‌హైగ్వాన్ యుద్ధం, మే 26, 27. లీ మే 18న బీజింగ్ వదిలి దాదాపు 60,000 మందితో వెళ్లాడు. వూ ఒక పక్క దొంగ బేరాలతో ఆలస్యం చేస్తూ, మరో పక్క మంచూల రాజప్రతినిధి దోర్గోన్‌కి ఉత్తరం రాశాడు. మంచూ సైన్యం అప్పటికే దారిలో ఉంది, ఉత్తరం అందగానే మలుపు తీసుకుంది. లీ చేసిన పెద్ద తప్పు, కనుమ అవతల ఏముందో సరిగ్గా వేగు పెట్టకపోవడం. కొండ నుంచి సముద్రం దాకా వరస పరిచి వూ సైన్యాన్ని దాదాపు నలిపేశాడు. దోర్గోన్ రెండు వైపులూ అలిసేదాకా ఆగాడు. మిత్రులెవరో తెలియాలని వూ మనుషుల భుజాలకు తెల్ల గుడ్డలు కట్టించాడు. ఇసుక గాలి లేచింది, తగ్గేసరికి మంచూ రౌతులు లీ పక్కలోకి దిగి ఉన్నారు. ల్యూ జోంగ్‌మిన్‌కి బాణం తగిలింది. వరస తెగిపోయింది.

#21 పాతలెక్కలు
ఏటిగట్టు గారూ, పొగరు లేదని నేననను. వూ తండ్రిని వదిలేసి ఉంటే ఒక యుద్ధం తప్పేదేమో. కానీ యుద్ధం ఓడిన వెంటనే ఏం జరిగిందో చూడండి. జూన్ 3న హడావుడిగా పట్టాభిషేకం, 4న ప్రయాణం. వెనక్కి తగ్గుతున్న దారిలో హెబెయ్, షాన్‌డోంగ్ ఊళ్లన్నీ షున్ అధికారులను చంపి తిరగబడ్డాయి. ఆ ఊళ్లలో వూ చుట్టాలెవరూ లేరు. కక్కించే పద్ధతికి బలైన పెద్ద కుటుంబాలున్నాయి. శిస్తు రద్దుతో బాగుపడ్డ రైతు ఉన్నాడు కానీ అతన్ని ఎవరూ సైన్యంగా, సర్కారుగా కట్టలేదు. మంచూలు వచ్చీ రాగానే చేసిన పని, మూడు అదనపు పన్నులు రద్దు, పాత శిస్తు కొనసాగింపు, పాత అధికారులకు పాత కొలువులు. రైతుకు సగం, పెద్దలకు మొత్తం దక్కింది. పైగా ఖజానాకు క్రమంగా రాబడి.

#22 ఏటిగట్టు
చివరి ముక్క ఒప్పుకుంటాను. మిగతాదానిపై ఇంకోసారి.

#23 వేపచెట్టు
అందరికీ దండాలు. ఆఖరిది ఒక్కటే: ఆయన సన్యాసి అయ్యాడన్న కథ ఎంతవరకు?

#24 అంచెగుర్రం
1645 ఆరంభంలో షియాన్ వదిలి, వుచాంగ్ మీదుగా దక్షిణానికి జారాడు. హుబెయ్ తోంగ్‌షాన్ తాలూకా జియుగోంగ్ కొండ దగ్గర, కొద్దిమంది రౌతులతో ముందుకెళ్లినప్పుడు ఊరి రక్షక దళం చంపింది. ఆయనెవరో వాళ్లకు తెలియదు, తిండి గుంజడానికొచ్చిన దొంగ అనుకున్నారు. తర్వాత మంచూ సేనాని అజిగె శవం కోసం మనుషులను పంపితే, కుళ్లిపోయి గుర్తుపట్టేలా లేదని నివేదించారు. ఆ ఒక్క వాక్యంలోంచే హునాన్ షిమెన్ గుడిలో సన్యాసి కథ మొలిచింది.

మిగిలిన సైన్యం కథ తక్కువమంది చదువుతారు. అన్న కొడుకు లీ గువో, భార్య గావ్‌గారు దళాన్ని నడిపి, నిన్నటి శత్రువు మింగ్‌ల దక్షిణ శాఖతోనే కలిసి మంచూలతో పోరాడారు. ఆ దర్బారు వాళ్లకు పదవులిచ్చింది, తిండి మాత్రం ఇవ్వలేదు. చివరికి యాంగ్జీ లోయ పైన కుయిదోంగ్ కొండల్లో సొంతంగా నేల దున్నుకుని, ఆ గింజలతోనే దండును పోషించుకున్నారు. మావోలు కొండ మీద లీ లాయ్‌హెంగ్ ఇంటికి నిప్పు పెట్టుకుని చనిపోయింది 1664లో. బీజింగ్ వదిలిన ఇరవై ఏళ్లకు.